కొత్త వరి రకం సరే, మొదటి ఏడు నష్టం వస్తే ఎవరిది?

విశాఖ దగ్గరి పద్మనాభం, ఆనందపురం, భీమిలి మండలాల వరి రైతుల ప్రస్తావన వస్తే చాలు, ఆఫీసుల్లోనూ షాపుల దగ్గరా ఒకే మాట వినిపిస్తుంది: ఎంత చెప్పినా పాత రకాన్ని వదలరండీ అని. ఈ మాట సగం కూడా నిజం కాదు. ఇదే చుట్టుపక్కల రైతులు పూలకి ఆనందపురం మార్కెట్లో గిరాకీ ఉందని తెలిశాక పూలతోటల్లోకి దిగారు, కూరగాయలకి హైబ్రిడ్ విత్తనం ఏటా డబ్బు పెట్టి కొంటున్నారు. పక్కనున్న విజయనగరం, దాని అవతలి శ్రీకాకుళం జిల్లాల్లో హైబ్రిడ్ మొక్కజొన్న ఊరూరా పాకింది, ఎవరూ గడ్డం పట్టుకుని బతిమాలలేదు. అంతెందుకు, దేశంలో 2002లో అనుమతి వచ్చిన బీటీ పత్తి పది పన్నెండేళ్ళు తిరిగేసరికి పత్తి విస్తీర్ణంలో 90 శాతం దాటేసింది. చిన్న రైతు మార్పుకి భయపడతాడనే సిద్ధాంతం వీటిలో దేనికీ అతకదు.

మరి వరి దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఆగుతున్నారంటే, లెక్క వేసి చూడాలి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టార్లు, అంటే సుమారు రెండుంబావు ఎకరాలు. అది సగటు మాత్రమే, ఎకరం లోపు వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. 80 సెంట్ల పల్లం, అంటే వరి పొలం, ఉన్న ఒక ఇంటిని తీసుకుందాం. ఎకరాకి 22 బస్తాల దిగుబడి అనుకుంటే, 75 కిలోల బస్తాలు పదిహేడున్నర వస్తాయి. 2025-26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాకి 2,369 రూపాయలు, కాబట్టి బస్తా 1,777 రూపాయలు పడుతుంది. కొత్త రకం ఎకరాకి రెండు బస్తాలు ఎక్కువిస్తుందని చెప్పారు, నిజంగానే ఇచ్చింది అనుకుందాం. ఈ ఇంటికి అదనంగా వచ్చేది 2,800 రూపాయల పైచిలుకు. అలా కాకుండా రకం ఆ నేలకి నప్పకో, విత్తనం కల్తీ అయ్యో, పంట సగం పోయిందనుకుందాం. అప్పుడు పోయేది 15,600 రూపాయలు. అంటే ఒక్క చెడ్డ ఏడాదిని పూడ్చుకోవడానికి ఐదారు మంచి ఏళ్ళు పడతాయి, పైగా పోయిన గింజలో ఇంట్లో తిండికి దాచుకునేదీ ఉంటుంది, ఆ లోటుని బయట బియ్యం కొని తీర్చుకోవాలి. ఇంత తెలిసి కూడా ఆ ఇంటివాళ్ళు మొత్తం 80 సెంట్లూ కొత్త రకం వేస్తేనే ఆశ్చర్యపోవాలి.

కొత్త రకం వేయమని చెప్పేవాళ్ళలో ఎవరికీ ఈ నష్టంలో వాటా లేదు. పరిశోధనా కేంద్రానికి ఒక ప్లాటు పోతే అది ఫలితాల్లో ఒక వరస. షాపుకి విత్తనం అమ్మిన రోజే లెక్క తేలిపోతుంది, వ్యవసాయ శాఖకి పంపిణీ చేసిన క్వింటాళ్ళు రాసుకుంటే సరిపోతుంది. నష్టమంతా ఒక్క ఇంటి మీద పడుతున్నప్పుడు ఆ ఇంటికి ఉపన్యాసాలతో ధైర్యం రాదు. చేయగలిగిన పని మొదటి ఏడాది పందేన్ని చిన్నది చేయడం.

ఎంత చిన్నదంటే, పది సెంట్లు. నాట్లకి ఎకరాకి 25 కిలోల విత్తనం లెక్కన పది సెంట్లకి రెండున్నర కిలోలు చాలు. అందులో పంట సగం పోయినా నష్టం సుమారు 1,950 రూపాయలు, బాధే గానీ ఇల్లు గుల్లయ్యే నష్టం కాదు. చిక్కెక్కడంటే, రెండున్నర కిలోల సంచి దొరకదు. విత్తనం వచ్చేదే ఎకరా లెక్కన, పెద్ద సంచుల్లో. వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదలకి ముందు కొత్త రకాలని రైతుల పొలాల్లో చూడడానికి మినీకిట్ పేరుతో చిన్న సంచులు ఇస్తుంది, ఆ పద్ధతి దానికి తెలియనిది కాదు. ఆ చిన్న సంచే, విడుదలయ్యాక కూడా, ప్రతి రైతు సేవా కేంద్రంలో మే నెలాఖరుకల్లా ఉంటే, సబ్సిడీ మీద పెట్టే ఖర్చులో కొద్దిపాటి దానితోనే చాలామంది సొంత పొలంలో చూసుకోగలుగుతారు. సబ్సిడీ విత్తనం ధర తగ్గిస్తుంది గానీ, పైన లెక్కలో చూసిన 15,600 భయాన్ని అది తాకను కూడా తాకదు.

పది సెంట్లలో వేసేటప్పుడు కూడా న్యాయంగా వేయాలి. బోరు పక్కనున్న మంచి మడిలో వేస్తే ఏ రకమైనా బాగుంటుంది, చెట్టు నీడ పడే మూలలో వేస్తే ఏదైనా చతికిలపడుతుంది. ఒకే మడిని రెండు చేసి, ఒకవైపు పాతది ఒకవైపు కొత్తది, రెండింటికీ అదే ఎరువు, అదే నీరు. కోతప్పుడు ప్రతి దాంట్లోనూ గట్టు పక్క వరసలు వదిలేసి, మధ్యలో అటు ఐదు మీటర్లు ఇటు ఐదు మీటర్లు కొలిచి విడిగా కోయించి, నూర్చి, ఎండబెట్టి తూచాలి. పంటకోత ప్రయోగాల్లో వరికి వాడేది ఇదే కొలత. వచ్చిన కిలోల్ని 162తో గుణిస్తే ఎకరా దిగుబడి తెలుస్తుంది: పది కిలోలొస్తే 1,620 కిలోలు, అంటే ఇరవై ఒకటిన్నర బస్తాలు. చూడ్డానికి కంకి బరువుగా వేలాడుతున్న రకం తూకంలో వెనకబడడం, సాదాగా కనిపించిందే ముందుకు రావడం అరుదేమీ కాదు, అందుకే కంటి అంచనా మీద వదిలేయకూడదు.

ఈ ప్రాంతంలో అసలు కథంతా వాన దగ్గర ఉంది, దీన్ని పట్టించుకోకుండా ఏ రకం గొప్పదని మాట్లాడినా వృథా. సాగులో చాలా భాగం చెరువుల కిందా, ఆకాశం మీదా ఆధారపడ్డది. రుతుపవనాలు జూన్‌లో వచ్చినా చెరువులోకి నీరు చేరి దమ్ము పట్టే పదును వచ్చేసరికి ఆగస్టు అయిపోవడం మామూలే. ఇంకోవైపు అక్టోబరు, నవంబరు తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదే తీరం దాటింది. ఈ రెండింటి మధ్య ఇరుక్కున్న పంటకి రకం పేరు కన్నా ముందు చూడాల్సింది అది ఎన్ని రోజుల పంట అని. రైతులకి అలవాటైన పాత రకం స్వర్ణ 145–150 రోజులు తీసుకుంటుంది. రాగోలు పరిశోధనా కేంద్రం ఇచ్చిన శ్రీకాకుళం సన్నాలు, అంటే ఆర్‌జీఎల్ 2537, అదీ ఐదు నెలలకి దగ్గర. కాటన్‌దొర సన్నాలు అనే ఎంటీయూ 1010, శ్రీధృతి అనే ఎంటీయూ 1121 నాలుగు నెలల రకాలు, 120–125 రోజుల్లో కోతకొస్తాయి. జులై మధ్యలో ఆకుమడి పోస్తే స్వర్ణ డిసెంబరు మధ్యకి గానీ చేతికి రాదు, అప్పటికి చిన్న చెరువుల కింద నీళ్ళుండవు, గింజ పాలు పోసుకునే దశలో నేల నెర్రెలు విచ్చుతుంది. నాలుగు నెలల రకమైతే నవంబరు మధ్యకి బయటపడుతుంది. వినడానికి బాగుంది. కానీ వానలు ముందే పడి జూన్ చివర్లోనే ఆకుమడి పోసిన ఏడాది, అదే రకం అక్టోబరు చివరికి, తుపాన్లు తిరిగే రోజుల్లో పండిన గింజతో నిలబడుతుంది. తక్కువ రోజుల రకం ఎప్పుడూ మంచిదని చెప్పేస్తే రైతు ఒక్క తడిసిన కుప్పతో ఆ మాట చెప్పినవాళ్ళనీ, ఆ రకాన్నీ కలిపి మర్చిపోతాడు.

ఇంతకన్నా తరచుగా జరిగేది, ఎవరూ పెద్దగా మాట్లాడనిది, ముదురు నారు. ఎన్ని నెలల పంటో అన్ని వారాల నారు అన్నది మోటు లెక్క: నాలుగు నెలల రకానికి నాలుగు వారాల లోపు నారు నాటాలి. ఐదు నెలల స్వర్ణకి అలవాటు పడ్డవాళ్ళు జూన్ చివర్లో ఆకుమడి పోసి, నీళ్ళు రాక ఆగస్టు మధ్యలో యాభై రోజుల నారు పీకి ఉభాలు చేసినా దీర్ఘకాలిక రకాలు కొంతవరకు ఓర్చుకుంటాయి, నాటాక కూడా పిలకలు పెట్టడానికి వాటికి టైముంటుంది. అదే అలవాటుతో 1010నో 1121నో యాభై రోజుల నారుగా నాటితే, మొక్క పిలకలు పెట్టాల్సిన రోజులు ఆకుమడిలోనే అయిపోయి ఉంటాయి, నాటిన కొన్నాళ్ళకే బక్కపలచగా నాలుగు కంకులు వేసి ఊరుకుంటుంది. రైతు చూసేది కొత్త రకం దెబ్బతినడం, పక్కింటి స్వర్ణ బాగుండడం. ఇక ఆ ఊళ్ళో ఆ రకం పేరెత్తితే ఒట్టు. విత్తనం సంచితో పాటు ఒక్క కాగితం మీద, ఈ రకానికి నారు ఇన్ని రోజులకి మించకూడదు, నీళ్ళు ఆలస్యమైతే రెండు విడతలుగా ఆకుమడి పోసుకోండి, అని పెద్ద అక్షరాలతో రాసిస్తే తప్పే నష్టం ఇది. విత్తనం ఇచ్చి ఆ మాట చెప్పకపోవడం సగం మందు ఇచ్చి పంపేసినట్టే.

స్వర్ణ అంత కాలం ఎలా నిలబడిందో చూస్తే కొత్త రకాలు ఏం ఇవ్వాలో తెలుస్తుంది. మారుటేరు వరి పరిశోధనా కేంద్రం నుంచి 1982లో ఎంటీయూ 7029గా వచ్చింది. ఎరువు తక్కువైనా పరవాలేదనిపిస్తుంది, కొనేవాడు బేరమాడకుండా కొంటాడు, ఆ బియ్యం అలవాటైన ఇళ్ళు దేశంలో లక్షల్లో ఉన్నాయి. బాపట్ల నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204, మనం సాంబమసూరి అనేది, అదీ అంతే: తెగుళ్ళకి సులువుగా లొంగుతుందని తెలిసీ వేస్తారు, ఎందుకంటే ఆ బియ్యానికి ధర ఉంది. కొన్ని పరిశోధనా బృందాలు దీన్ని గమనించి తెలివైన దారి పట్టాయి, రైతుకీ మిల్లుకీ నచ్చిన రకాన్ని అలాగే ఉంచి లోపాన్ని మాత్రం సరిచేశాయి. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధనా కేంద్రం, వరి పరిశోధనా సంస్థ కలిసి సాంబమసూరిలో ఎండాకు తెగులుని తట్టుకునే మూడు జన్యువులు పెట్టి 2008లో విడుదల చేసిన మెరుగైన సాంబమసూరి అలాంటిది. స్వర్ణ సబ్1 ఇంకొకటి. ఒడిశా నేలల్లో పుట్టిన ఎఫ్‌ఆర్13ఏ అనే పాత నాటు రకంలో మునకని తట్టుకునే గుణం ఉంది, దాన్ని స్వర్ణలోకి తెచ్చి మనదేశంలో 2009లో విడుదల చేశారు. రెండు వారాల దాకా నీట మునిగినా బతికి తేరుకుంటుంది, వరద రాని ఏడు మామూలు స్వర్ణలాగే పండుతుంది. కొత్తదాన్ని నమ్మడానికి రైతు వదులుకోవాల్సింది ఇక్కడ దాదాపు ఏమీ లేదు.

ఈ స్వర్ణ సబ్1 మీద ఒడిశాలో ఆర్థికవేత్తలు కొన్నేళ్ళు, ఊళ్ళని గుంపులుగా విడదీసి పోల్చి చూస్తూ, పరీక్షలు చేశారు, అవి మన పక్క రాష్ట్రం సంగతులే కాబట్టి విశాఖ పల్లెలకి బాగా పనికొస్తాయి. ఒక పరీక్షలో తేలిందేమిటంటే, మునక భయం తగ్గిన రైతులు ఎరువు ఎక్కువ పెట్టారు, సాగు పెంచారు, అప్పు తీసుకోవడానికి కూడా జంకలేదు. విత్తనం ఇచ్చిన లాభంలో పెద్ద భాగం ఆ ధైర్యం వల్ల వచ్చిందే. ఇంకో పరీక్షలో, కొందరి పొలాల్లో కొత్త రకం వేయించి, కోతకి ముందు ఊరివాళ్ళని పొలం దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తే, అలా చూపించని ఊళ్ళ కన్నా తర్వాత ఆ రకం వేసినవాళ్ళు 40 శాతం ఎక్కువయ్యారు. ప్రదర్శన పొలం ఎవరిదన్నదాని కన్నా, మిగతావాళ్ళని గట్టు మీదికి తీసుకెళ్ళి చూపించడమే ఎక్కువ పని చేసింది. చూపించడానికి అయ్యే ఖర్చు కాఫీ టీలూ, ఒక షామియానా.

మూడో సంగతి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది గానీ చెప్పాలి. ఒక రైతు దగ్గర విత్తనం ఉంటే ఊరంతా పాకుతుందని అందరూ అనుకుంటారు. అక్కడ చూస్తే, కావాలనుకున్న వాళ్ళందరికీ అలా చేరలేదు, అదే విత్తనాన్ని ఇంటింటికీ తీసుకెళ్ళి అమ్మితే ఎంతోమంది ఎక్కువ కొన్నారు. చేతులు మారడం దగ్గరివాళ్ళ మధ్యే ఆగిపోయింది. మన ఊళ్ళూ వేరేగా లేవు: విత్తనం అడిగి తెచ్చుకునేది బావగారి దగ్గరో, పిన్నిగారింటి దగ్గరో, వీధి దాటి అవతలి వీధికి పోయి అడగడం తక్కువ. ఆదర్శ రైతు ఒక్కడికి ఇచ్చేసి చేతులు దులుపుకుంటే ఆ విత్తనం ఒక వీధిలోనే ఉండిపోతుంది.

నాలుగోది షాపు. ఒడిశాలోనే విత్తనాలు, మందులు అమ్మే షాపులవాళ్ళకి కొత్త రకం గురించి సరైన సమాచారమూ, కొద్దిగా విత్తనమూ ఇచ్చి చూశారు. ప్రభుత్వ విస్తరణ సిబ్బంది మామూలుగా చేసే పద్ధతితో పోలిస్తే రైతులు ఆ రకాన్ని వేయడం 50 శాతానికి పైగా పెరిగింది. షాపుని దొంగగా చూసే అలవాటు మన చర్చల్లో ఎక్కువ, నకిలీ విత్తనంతో మునిగిన ఊళ్ళు ఉన్నాయి కాబట్టి ఆ కోపం ఊరికే రాలేదు. అయినా సీజన్‌లో రైతు అందరికన్నా ఎక్కువసార్లు మాట్లాడేది ఆ షాపతనితోనే, అరువిచ్చేదీ అతనే, మందు తేడా చేస్తే వచ్చి అడిగేదీ అతన్నే. అతన్ని పక్కన పెట్టి చేసే ప్రచారం బలహీనంగానే ఉంటుంది. విత్తన చట్టం కింద తనిఖీలు గట్టిగా చేస్తూనే, కొత్త రకాల సమాచారం ముందుగా అతనికి అందించడంలో తప్పేమీ లేదు.

ధాన్యం కొనేవాడి మాట వేరే చెప్పాలా? కొత్త రకం పండించాక మిల్లర్ నూక ఎక్కువొస్తుందని బస్తాకి ధర కోస్తే, ఎక్కువ పండిన రెండు బస్తాలూ అక్కడే ఆవిరి. మద్దతు ధర కొనుగోలుకి తేమ 17 శాతం లోపు, నాణ్యతా ప్రమాణాలు ఉంటే చాలని నిబంధన చెబుతుంది గానీ, సంచులు, లారీ, తూకం ఆలస్యమైతే చిన్న రైతు కల్లం దగ్గరే వచ్చిన రేటుకి ఇచ్చేస్తాడు, ఆ కల్లం బేరంలో రకం పేరు చాలా పెద్దది. కాబట్టి ఏ రకం ప్రచారం చేయాలో తేల్చే సమావేశంలో మిల్లర్లు కూర్చోవాలి, ఆడించి చూసి ముందే అవునో కాదో చెప్పాలి. ఇంట్లో ఆడవాళ్ళూ కూర్చోవాలి. అన్నం మెత్తబడుతుందా, రాత్రి అన్నం పొద్దున చద్దికి బాగుంటుందా, గడ్డి పశువు తింటుందా, ఇవన్నీ వాళ్ళు చూసేవి, పొట్టి రకం వేసి గడ్డి తగ్గితే పాడి ఉన్న ఇంట్లో ఆ లోటు పాల డబ్బుల్లో తెలుస్తుంది. చోళ్ళ (రాగుల) విషయంలో కూడా ఇంతే, విజయనగరం కేంద్రం నుంచి 2020లో వచ్చిన వేగావతి రకంలో ఇనుము మామూలు చోళ్ళ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, పిల్లలకీ బాలింతలకీ ఎంతో మేలు, కానీ అంబలి రుచి నచ్చాలి, లేకపోతే మడిలో వేయరు.

విశాఖ చుట్టూ ఇంకో చిక్కు ఉంది. ఊళ్ళు లేఅవుట్లుగా మారుతున్న చోట పొలం ఒకరిది, సాగు ఇంకొకరిది. యజమాని నగరంలో ఉంటాడు, కౌలు ఏ ఏడుకా ఏడు నోటిమాట మీద, శిస్తు ఇన్ని బస్తాలని ముందే ఖాయం. పంట పోయినా ఆ బస్తాలు కొలవాలి. కౌలు రైతు మీద పడే ప్రమాదం పైన చెప్పిన 80 సెంట్ల సొంత రైతు కన్నా పెద్దది, అతనికి బ్యాంకు పంటరుణం, బీమా దొరకడం కష్టం. సాగుదారు హక్కు పత్రం కోసం 2019లో చట్టం తెచ్చారు గానీ యజమాని సంతకం లేకుండా ఆ కాగితం రాదు, యజమానులు సంతకానికి భయపడతారు. కొందరు యజమానులు తిండి గింజలు కొలిపించుకుంటారు కాబట్టి ఏ రకం వేయాలో కూడా వాళ్ళే చెబుతారు. చిన్న సంచులు పంచేటప్పుడు పట్టాదారు పాసుపుస్తకం అడిగితే, నిజంగా దున్నేవాడు ఆ వరసలో నిలబడలేడు. రెండున్నర కిలోల విత్తనానికి పాసుపుస్తకం అడగాల్సిన పని లేదు.

విత్తనం కొనేటప్పుడు సంచికి కుట్టిన ట్యాగు చదవడం నేర్పడం కూడా ప్రచారంలో భాగమే. తెల్ల ట్యాగు ఫౌండేషన్ (మూల) విత్తనం, నీలం ట్యాగు సర్టిఫైడ్ (ధృవీకరించిన) విత్తనం, లేత ఆకుపచ్చది కంపెనీ తన మాట మీద ఇచ్చే లేబుల్ విత్తనం. వరికి మొలక కనీసం 80 శాతం ఉండాలి, పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ ట్యాగు మీద ఉంటాయి. బిల్లు మీద లాట్ నంబరు రాయించుకుని, ట్యాగుని, ఖాళీ సంచిని, గుప్పెడు విత్తనాన్ని కోత అయ్యేదాకా దాచుకుంటేనే తర్వాత ఫిర్యాదు నిలుస్తుంది.

పది సెంట్లలో నచ్చిన రకానికి రెండో ఏడాది విత్తనం కొనక్కర్లేదు. వరి తనలో తాను పరాగసంపర్కం చేసుకునే పంట, హైబ్రిడ్ కాకపోతే సొంత విత్తనం రెండు మూడేళ్ళు నిశ్చింతగా వాడుకోవచ్చు. పది సెంట్లలో 160 కిలోలు పండితే ఆరెకరాల విత్తనం అది, తనకి పోగా నలుగురికి ఇవ్వొచ్చు. రైతు తన విత్తనాన్ని దాచుకోవడానికి, మార్చుకోవడానికి, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవడానికి 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం హక్కు ఇచ్చింది. చేయాల్సిందల్లా పూతప్పుడు ఒకసారి, కోతకి ముందు ఒకసారి మడిలో దిగి ఎత్తులోనో రంగులోనో తేడాగా ఉన్న కేళీల్ని పీకేయడం, వేరే రకం కలవకుండా కల్లం శుభ్రం చేసి దాన్నే ముందు నూర్చడం, తేమ 13 శాతం లోపుకి దిగేదాకా ఎండబెట్టి, విత్తనం సంచుల్ని నేలకి, గోడకి తగలకుండా చెక్కల మీద పెట్టడం. మే నెలలో వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెసంచిలో చుట్టి ఉంచాలి. వారం పది రోజుల్లో 80కి పైగా మొలిస్తే ఆ సంచి ఆకుమడికి పనికొస్తుంది, తక్కువైతే అప్పటికి కొత్త విత్తనం వెతుక్కోవడానికి ఇంకా టైముంటుంది.